ల్యాప్‌టాప్ టెంపోకు కీబోర్డు, వోల్కా, ప్యాడ్ కలవట్లేదు. ముందు ఏది చూడాలి?

హనుమకొండ_ట్రాక్స్:

అన్నలందరికీ నమస్తే. నయీంనగర్‌లో మా ఇంటి మీది గదిలో జానపద పాటలు రికార్డు చేస్తుంటాను. బతుకమ్మ పాటలు వరసగా ఒప్పుకొని ఉన్నాను. పాడేవాళ్లు, డప్పు కొట్టేవాళ్లు అందరూ రెడీగా ఉన్నారు. టైమింగే తెగట్లేదు.

సెటప్ రాస్తున్నాను. విండోస్ ల్యాప్‌టాప్, రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ క్యూబేస్, రెండు ఇన్‌పుట్లు రెండు అవుట్‌పుట్లు ఉన్న ఆడియో ఇంటర్‌ఫేస్ స్కార్లెట్ 2ఐ2. వీడియో కోసం కాబట్టి ప్రాజెక్టు 48 కిలోహెర్ట్జ్ (సెకనుకు 48,000 శాంపిళ్లు), బఫర్ (ఒక్కోసారి పంపే ఆడియో ముక్క) 512 శాంపిళ్లు. రోలండ్ కీబోర్డు దాని యూఎస్‌బీతోనే కలిపాను. కోర్గ్ వోల్కా బీట్స్ అనే చిన్న డ్రమ్ మెషీన్‌కు ఆన్‌లైన్‌లో దొరికే పేరులేని యూఎస్‌బీ-మిడీ కేబుల్ (నోట్లు, టైమింగ్ సంకేతాలు మోసేది). ప్యాడ్ వాయించే అన్న వచ్చినప్పుడు ఆయన ఆక్టోప్యాడ్ (పుల్లలతో వాయించే ఎలక్ట్రానిక్ ప్యాడ్) కూడా యూఎస్‌బీకే. ల్యాప్‌టాప్‌కు ఉన్నవి రెండే పోర్టులు కాబట్టి ఇవన్నీ మౌస్, హార్డ్ డిస్క్‌తో కలిసి ఒక హబ్‌లో ఉంటాయి.

ఇబ్బందులు ఇవి. క్యూబేస్‌లో రాసుకున్న బేస్ లైన్‌ను కీబోర్డుతో పలికించి ఆడియోగా రికార్డు చేస్తే డప్పు కన్నా కొంచెం వెనక పడుతోంది. వోల్కాకు మిడీ క్లాక్ (తాళం కలిపే సంకేతం) పంపిస్తే ఆగకుండా నడుస్తుంది కానీ నడక ఊగుతుంది, ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కి. ఇక ప్యాడ్ మీద క్యూబేస్‌లోని డప్పు శాంపిల్స్ (రికార్డు చేసిన దెబ్బలు) పెడితే అన్న రెండు నిమిషాలు వాయించి పుల్లలు పక్కన పెట్టేస్తున్నాడు, "దెబ్బ కొట్టినంక చప్పుడు వస్తుంది" అని.

ఒకటి సర్దితే ఇంకోటి చెడుతోంది. తెలిసినాయన ఒకరు ల్యాప్‌టాప్ మార్చమన్నారు. నిజంగా మార్చాల్సిందేనా? అడ్వాన్సులు తీసుకుని ఉన్నాను, టెన్షన్‌గా ఉంది.

వరంగల్_లైవ్‌సౌండ్:

రెండు చిన్న ప్రశ్నలు. బ్లూటూత్ హెడ్‌ఫోన్లలో గానీ, బ్లూటూత్ స్పీకర్లో గానీ వింటున్నారా? అయితే ఇంకేమీ చూడక్కర్లేదు, అందులోనే 100, 200 మిల్లీసెకన్లు పోతాయి. రెండోది, క్యూబేస్‌లో ఏసియో డ్రైవర్ (ఇంటర్‌ఫేస్‌ను సాఫ్ట్‌వేర్‌కు కలిపేది) ఏది ఎంచుకున్నారు? స్కార్లెట్‌కు దాని సొంత డ్రైవర్ ఉండగా చాలామంది విండోస్ వాళ్ల జనరిక్ డ్రైవర్ మీదనే నడిపేస్తుంటారు.

హనుమకొండ_ట్రాక్స్:

వైరు హెడ్‌ఫోన్లే అన్నా, స్కార్లెట్ నుంచే వింటున్నాను. డ్రైవర్ కూడా దానిదే.

సుబేదారి_మిక్స్:

తమ్మీ, ల్యాప్‌టాప్ మీద ఇప్పుడే రూపాయి పెట్టకు. నువ్వు రాసినవి మూడూ మూడు వేరు వేరు సమస్యలు. ఒకదానికి చేయాల్సింది ఇంకోదానికి చేస్తున్నావు కాబట్టే ఒకటి సర్దితే ఇంకోటి చెడుతోంది.

దెబ్బ టైముకు పడకపోవడంలో మూడు రకాలున్నాయి. ప్రతి దెబ్బా ఒకే అంత ఆలస్యంగా పడితే అది లేటెన్సీ. ఎంత ఆలస్యమో తెలిస్తే అంత ముందుకు జరపొచ్చు, సమస్య అక్కడితో తీరిపోతుంది. ఒక దెబ్బ 4 మిల్లీసెకన్లు, పక్కది 15, దాని పక్కది 7 ఆలస్యమైతే అది జిట్టర్. దాన్ని ఏ డిలే సెట్టింగూ బాగుచేయలేదు. సగటున జరిపితే సగం దెబ్బలు ముందు పడతాయి, సగం వెనక పడతాయి. మూలం పట్టుకుని అక్కడే తీసేయాలి. మూడోది డ్రిఫ్ట్. మొదట బాగానే కలిసి ఉంటాయి, పాట నడిచేకొద్దీ దూరం పెరుగుతుంది. అంటే రెండు మెషీన్లూ దేని గడియారం మీద అది నడుస్తోంది, మధ్యలో సింక్ లేనే లేదు.

చెవికి మూడూ "కలవట్లేదు" అనే వినిపిస్తాయి. పది మంది పాడుతూ డప్పు మోగుతుంటే ఏది ఏదో చెవితో తేల్చడం నావల్ల కూడా కాదు. కొలవాలి. మన దగ్గర గదుల్లో నాకు బాధ కలిగించేది ఇదే. వేలు పోసి ఇంటర్‌ఫేస్ మారుస్తారు, ల్యాప్‌టాప్ మారుస్తారు, పది నిమిషాల కొలత మాత్రం ఎవరూ వేయరు.

ఇలా చేయి. ముందు స్కార్లెట్‌నే పరీక్షించు. అవుట్‌పుట్ 2 నుంచి ఇన్‌పుట్ 2కు ఒక కేబుల్ వేయి. స్పీకర్లు ఆఫ్‌లో ఉండాలి, డైరెక్ట్ మానిటర్ కూడా ఆఫ్‌లో ఉండాలి. ఒక ట్రాక్‌లో సరిగ్గా గ్రిడ్ (టెంపో గీతలు) మీద టక్ టక్‌మనే క్లిక్ శబ్దం పెట్టి, దాన్ని తిరిగి ఇంకో ట్రాక్‌లోకి రికార్డు చేయి. బాగా జూమ్ చేసి అసలు క్లిక్‌కూ తిరిగొచ్చిన క్లిక్‌కూ తేడా చూడు. అక్కడే తేడా ఉంటే అది డ్రైవర్ తన ఆలస్యాన్ని తప్పుగా చెప్పడం వల్ల వచ్చింది. స్టూడియో సెటప్‌లో ఆడియో సిస్టమ్ పేజీలో రికార్డ్ షిఫ్ట్ అని ఉంటుంది, దాన్ని అక్కడే శాంపిళ్లలో సరిచేసుకోవచ్చు. ఇది తేలకుండా మిగతావి కొలిస్తే ఆ అంకెలు నమ్మలేం.

తర్వాత కీబోర్డు. స్ట్రింగ్స్ లాంటి మెల్లగా లేచే సౌండ్ వద్దు, ఉడ్‌బ్లాక్ లాంటి గట్టి సౌండ్ పెట్టు. 100 టెంపోలో ఒక్కో బీట్‌కు ఒక్కో నోట్ చొప్పున పదహారు బార్లు (తాళం ఆవర్తనాలు) రాసి, కీబోర్డు లైన్ అవుట్‌ను ఇన్‌పుట్‌లో రికార్డు చేయి. ప్రతి దెబ్బ గ్రిడ్ నుంచి ఎంత దూరం పడిందో కాగితం మీద రాయి. వోల్కాకు కూడా అదే, బీట్‌కొక స్నేర్, మిడీ క్లాక్ మీద. మొదటి బార్, మధ్య బార్, చివరి బార్ మూడూ చూడు. అంకెలు ఇక్కడ పెట్టు, అప్పుడు మాట్లాడుకుందాం. అంతవరకు ఏ సెట్టింగూ ముట్టుకోకు.

కాజీపేట_మాడ్యూల్:

అన్న చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. ఒకటి కలుపుతాను, పాత సౌండ్ మాడ్యూళ్లు వాడేవాళ్లకు పనికొస్తుంది. గుండ్రటి ఐదు పిన్నుల మిడీ కేబుల్‌లో సెకనుకు 31,250 బిట్లు పోతాయి. 1983లో వచ్చిన స్పీడ్ అది, ఇప్పటికీ మారలేదు. ఒక బైట్‌కు స్టార్ట్ బిట్, స్టాప్ బిట్ కలిపి 10 బిట్లు, అంటే 320 మైక్రోసెకన్లు. ఒక నోట్‌కు మూడు బైట్లు, అంటే దాదాపు 1 మిల్లీసెకను. ఒకే బీట్ మీద డోలక్, బేస్, నాలుగు వేళ్ల కార్డ్, స్ట్రింగ్స్ అన్నీ కలిసి పది నోట్లు పడితే పదో నోట్ బయటికి వచ్చేసరికి 9, 10 మిల్లీసెకన్లు అయిపోతుంది. అవి ఒకదాని వెనక ఒకటే పోవాలి, ఇంకో దారి లేదు.

నేను చేసేది: తాళం మోసే సౌండ్లను గ్రిడ్ మీదే ఉంచి, స్ట్రింగ్స్ లాంటి సౌండ్ల ట్రాకులను కొద్ది టిక్‌లు వెనక్కి జరుపుతాను. మెల్లగా లేచే సౌండ్ కాబట్టి ఎవరికీ తెలియదు. డోలక్‌కు దారి ఖాళీ అవుతుంది. కీబోర్డు నుంచి రికార్డయిన ఆఫ్టర్‌టచ్ (కీ నొక్కాక ఇంకా అదిమిన ఒత్తిడి) డేటా అవసరం లేకపోతే చెరిపేయండి, అది ఊరికే లైను నింపుతుంది.

హనుమకొండ_ట్రాక్స్:

కొలిచాను అన్నా. కాగితం ముందు పెట్టుకునే రాస్తున్నాను.

స్కార్లెట్ లూప్: తేడా 15 శాంపిళ్లు, అంటే 0.3 మిల్లీసెకన్లు. అన్ని క్లిక్‌లకూ అంతే.

కీబోర్డు: అన్ని దెబ్బలూ 13, 14 మధ్యనే ఉన్నాయి. మొదటి బార్‌లో ఎంతో చివరి బార్‌లో కూడా అంతే.

వోల్కా: 4, 11, 6, 19, 8, 5, 16... ఇలా ఉంది. ఒక వరస లేదు. చివరి బార్‌లో కూడా పెరగలేదు, అదే చిందరవందర.

సుబేదారి_మిక్స్:

శభాష్. నీ సమస్య సగం ఈ అంకెలే చెప్పేశాయి. స్కార్లెట్ నిక్షేపంగా ఉంది. కీబోర్డుది శుద్ధ లేటెన్సీ. వోల్కాది శుద్ధ జిట్టర్. డ్రిఫ్ట్ ఎక్కడా లేదు.

కీబోర్డు సంగతి చూద్దాం. మిడీ నోట్ అందాక కీబోర్డు లోపల ప్రాసెసర్ దాన్ని చదివి, సౌండ్ తయారు చేసి బయటికి పంపడానికి కొన్ని మిల్లీసెకన్లు తీసుకుంటుంది. డ్రైవర్ కొంత తీసుకుంటుంది. అది స్థిరంగా ఉంది కాబట్టి భయం లేదు. ఆ మిడీ ట్రాక్ ఇన్‌స్పెక్టర్లో ట్రాక్ డిలే ఉంటుంది, మైనస్ 13 పెట్టు. లేదంటే ఆడియో కనెక్షన్స్‌లో ఎక్స్‌టర్నల్ ఇన్‌స్ట్రుమెంట్‌గా కీబోర్డును చేర్చి అక్కడ డిలే 13 రాయి, ప్రతి ప్రాజెక్టులోనూ అదే వస్తుంది. ఒక్కటి గుర్తుపెట్టుకో: బఫర్ మార్చినా, హబ్ మార్చినా మళ్లీ కొలవాలి. పాత అంకె చెల్లదు.

వోల్కా దగ్గర కొంచెం ఆగుదాం. మిడీ క్లాక్ అంటే ఒక బీట్‌కు 24 టిక్‌లు. అందులో టెంపో ఎంత అన్న అంకె ఉండదు, "ఇప్పుడు, ఇప్పుడు, ఇప్పుడు" అనే ఉంటుంది. 100 టెంపోలో బీట్‌కు 600 మిల్లీసెకన్లు, కాబట్టి టిక్‌కూ టిక్‌కూ మధ్య 25. ఒక టిక్ 3 మిల్లీసెకన్లు ఆలస్యంగా వచ్చిందనుకో, ఆ ఎడం 28 అయింది. ఆ ఒక్క ఎడాన్నే నమ్మే మెషీన్‌కు టెంపో 89 అనిపిస్తుంది. తర్వాతి టిక్ టైముకే వస్తే ఎడం 22, అప్పుడు 114 అనిపిస్తుంది. కొన్ని మెషీన్లు చాలా టిక్‌ల సగటు తీసుకుని నిలకడగా నడుస్తాయి, కొన్ని వచ్చిన ప్రతి టిక్ వెంటా పరుగెత్తుతాయి.

ఆ టిక్‌లు ఎందుకు తడబడుతున్నాయి? ఆడియో శాంపిళ్లను స్కార్లెట్ లోపలి గడియారం లెక్కపెట్టి పంపుతుంది. మిడీ టిక్‌లకు ఆ కాపలా లేదు. విండోస్ వంద పనుల మధ్య తీరిక దొరికినప్పుడు పంపుతుంది. మామూలు యూఎస్‌బీ-మిడీ 1 మిల్లీసెకను ఫ్రేముల లెక్కన నడుస్తుంది కాబట్టి ఒక మిల్లీసెకను అటూ ఇటూ ఎవరికైనా ఉంటుంది, దాన్ని పట్టించుకోకు. నీకు 15 వస్తోంది. మొదటి అనుమానం హబ్ మీద, రెండో అనుమానం ఆ పేరులేని కేబుల్ మీద. ఆ కేబుళ్లలో కొన్ని టిక్‌లను పోగేసి గుంపుగా వదులుతాయి, డేటా జోరుగా వస్తే బైట్లు మింగేస్తాయి కూడా. మిడీ ఇన్‌పుట్‌లో ఉండాల్సిన ఆప్టో-ఐసొలేటర్ చిప్ లేకుండానే వచ్చేవి కూడా ఉన్నాయి.

ఈ వరసలో చేసుకుంటూ, ప్రతిదాని తర్వాతా వోల్కాను కొలువు. స్కార్లెట్‌ను ల్యాప్‌టాప్ ఒక పోర్టుకు నేరుగా పెట్టు. రెండో పోర్టుకు మిడీ కేబుల్ నేరుగా పెట్టు. హార్డ్ డిస్క్ తీసేసి పాటను లోపలి డిస్క్ మీదే నడుపు. విండోస్ పవర్ ఆప్షన్స్‌లో హై పర్ఫార్మెన్స్ పెట్టి, యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ ఆపు. వైఫై, బ్లూటూత్ ఆఫ్ చేయి. లేటెన్సీమాన్ అనే ఉచిత ప్రోగ్రాం నడిపితే ఏ డ్రైవర్ సిస్టమ్‌ను ఆపేస్తోందో పేరుతో సహా చూపిస్తుంది, చాలాసార్లు వైఫై డ్రైవరే దొరుకుతుంది. ఇంకోటి, ఛార్జర్ పెట్టే రికార్డింగ్ చేయి. మన దగ్గర కరెంటు పోయి ల్యాప్‌టాప్ బ్యాటరీ మీదికి మారగానే ప్రాసెసర్ స్పీడ్ తగ్గించుకుంటుంది. "మొదటి చరణం బాగుంది, రెండో చరణం నుంచి ఊగుతోంది" అని నన్ను పిలిచిన గదుల్లో ఇది కూడా చూశాను.

క్యూబేస్‌లో ప్రాజెక్ట్ సింక్రనైజేషన్ సెటప్ తెరిచి, మిడీ క్లాక్ గమ్యాల్లో వోల్కా పోర్టు ఒక్కటే టిక్ అయి ఉందో లేదో చూడు. అవసరం లేని పోర్టులకు క్లాక్ పంపొద్దు. ఒకే మెషీన్‌కు రెండు దారుల్లో క్లాక్ అందితే టిక్‌లు రెట్టింపై టెంపో చెడిపోతుంది.

ఇవన్నీ చేశాక కూడా 3, 4 మిల్లీసెకన్లు మిగలొచ్చు. డప్పు పక్కన అది కూడా నాకు నచ్చదు. అందుకని వోల్కాకు మిడీ క్లాకే వద్దు అంటాను. దాని నెత్తిన సింక్ ఇన్ అని చిన్న 3.5 ఎంఎం రంధ్రం ఉంది కదా, దానికి కావాల్సింది ఒక ఎలక్ట్రిక్ పల్స్, బీట్‌కు రెండు. ఆ పల్స్‌ను ఆడియోగానే స్కార్లెట్ నుంచి పంపొచ్చు. అప్పుడు వోల్కాను నడిపించేది విండోస్ కాదు, స్కార్లెట్ గడియారం. ఒక్క శాంపిల్ కూడా తేడా రాదు. పెద్ద స్టూడియోల్లో వాడే ఈ-ఆర్‌ఎం మల్టీక్లాక్, ఎక్స్‌పర్ట్ స్లీపర్స్ వాళ్ల యూసామో లాంటి పెట్టెల కిటుకు కూడా ఇదే, ఆడియో ట్రాక్ నుంచే క్లాక్ తీయడం. నీకు ఆ పెట్టెలు అక్కర్లేదు, ఒక కేబుల్ చాలు.

నీకు అవుట్‌పుట్లు రెండే కదా. ఆడియో కనెక్షన్స్‌లో రెండు మోనో బస్సులు (ఆడియో దారులు) చేయి: ఎడమ అవుట్‌పుట్‌కు ఒకటి, కుడి అవుట్‌పుట్‌కు ఒకటి. ఎడమది పల్స్‌కు, కుడిది పాటకు. నోట్లు రాస్తే సౌండ్ పలికించే శాంప్లర్ ట్రాక్‌లో పదును క్లిక్ ఒకటి పెట్టి, ఎనిమిదో నోట్లుగా రాసి, ఎడమ బస్‌కు పంపు. రికార్డింగ్ అంతసేపు పాట మోనోలోనే వింటావు, నష్టం లేదు. స్కార్లెట్ ఎడమ లైన్ అవుట్ నుంచి వోల్కా సింక్ ఇన్‌కు మోనో జాక్ ఉన్న కేబుల్ వేయి. మానిటర్ నాబ్ దాదాపు ఫుల్ పెట్టాల్సి వస్తుంది, పల్స్ చిన్నదైతే వోల్కా గుర్తించదు. అందుకే స్పీకర్లు ఆఫ్ చేసి హెడ్‌ఫోన్లలోనే విను, ఆ క్లిక్ స్పీకర్లో పడితే చెవులకూ మంచిది కాదు, ట్వీటర్‌కూ మంచిది కాదు. హెడ్‌ఫోన్‌లో ఎడమ చెవికి క్లిక్ వస్తుంది, ఆ వైపు పక్కకు జరుపుకో. ముందు వోల్కా మీద ప్లే నొక్కి, తర్వాత క్యూబేస్ నడుపు.

క్లిక్‌ను ఆడియో ఫైలుగా చేసి పరచొద్దు, శాంప్లర్ ట్రాక్‌గానే ఉంచు. ఎందుకంటే డప్పు ఎప్పుడూ గ్రిడ్ మీద నడవదు, నడవకూడదు. మనోళ్లు చరణం చివర చిన్నగా బిగించి, పల్లవికి వదులుతారు. ఆడవాళ్లు చప్పట్లు కొడుతూ తిరిగేది ఆ కదలికకే. దాన్ని క్వాంటైజ్ చేసి గ్రిడ్‌కు అతికిస్తే పాట చచ్చిపోతుంది, ఇది మాత్రం నా మాట విను. డప్పునూ గొంతునూ ముందు రికార్డు చేసి, టెంపో డిటెక్షన్‌తో వాటి నుంచే టెంపో మ్యాప్ (ఎక్కడ ఎంత వేగమో చూపేది) తీయి. శాంప్లర్ ట్రాక్ ఆ మ్యాప్ వెంట పోతుంది, పల్స్ దాని వెంట, వోల్కా పల్స్ వెంట. మనిషి ముందు నడవాలి, మెషీన్ వెనక రావాలి.

ప్యాడ్ అన్న సంగతి చివరికి పెట్టాను, ఎందుకంటే అది సింక్ సమస్యే కాదు. 512 బఫర్, 48 కిలోహెర్ట్జ్ అంటే బయటికి రావడానికే 10.7 మిల్లీసెకన్లు. దాని మీద ప్యాడ్ దెబ్బను చదివే సమయం, డ్రైవర్ సమయం. 128 చేస్తే 2.7కు దిగుతుంది. స్పీకర్‌కు ఒక మీటరు దూరంలో కూర్చుంటే గాలిలో చప్పుడు రావడానికే దాదాపు 3 పడుతుంది, కాబట్టి అది ఎవరికీ ఇబ్బంది కాదు. 128 పెడితే ఆడియో పగిలిపోతోందంటే మిక్స్ ప్లగిన్లు ఆఫ్ చేసి వాయించుకో. మాస్టర్ మీద లిమిటర్ గానీ, లీనియర్ ఫేజ్ ఈక్యూ గానీ ఉందా చూడు. అవి ముందుచూపు కోసం మొత్తం పాటనే ఆపి పట్టుకుంటాయి, బఫర్ ఎంత తగ్గించినా ఆ ఆలస్యం పోదు. క్యూబేస్‌లో కన్‌స్ట్రెయిన్ డిలే కాంపెన్సేషన్ బటన్ నొక్కితే రికార్డింగ్ వరకు వాటిని పక్కన పెడుతుంది. అయిపోయాక ఆ బటన్ తీసేయాలి.

ఆ డప్పు శాంపిళ్లు నువ్వే రికార్డు చేసి కోసుకున్నావా? అయితే ఒక్కోదాన్నీ తెరిచి మొదలు చూడు. దెబ్బకు ముందు 8, 10 మిల్లీసెకన్ల నిశ్శబ్దం వదిలేసి ఉంటే నువ్వు ఏం చేసినా అది ఆలస్యంగానే పలుకుతుంది.

కరీంనగర్_కీస్:

రికార్డింగ్ కాదు, స్టేజీ సంగతి అడుగుతాను. ల్యాప్‌టాప్‌లో కోరస్, తీన్మార్ ట్రాకులు పెట్టి, దాని మీద యమహా కీబోర్డు స్టైల్ (దానంతటదే వాయించే తాళం) నడుపుతాం. రెండింటికీ టెంపో ఒకటే పెడతాం, మొదటి చరణం దాకా బాగానే ఉంటుంది, చివరికి వచ్చేసరికి పూర్తిగా విడిపోతాయి. అన్న చెప్పిన డ్రిఫ్ట్ ఇదేనా?

సుబేదారి_మిక్స్:

ఇదే. నీ ట్రాక్ అసలు టెంపో ఎంతో చూడు. పాత రికార్డింగ్ నుంచి తీసినవైతే 96.4 లాంటి అంకె ఉంటుంది, కీబోర్డులో 96 మాత్రమే పెట్టగలవు. నాలుగు నిమిషాల పాటలో ఆ 0.4 కలిసి బీటున్నరకు పైగా అవుతుంది, అంటే సరిగ్గా ఒక సెకను. అంకెలు ఒకటే అయినా రెండింటి క్రిస్టల్ గడియారాలు ఒకేలా ఉండవు, కాకపోతే ఆ తేడా పాట మొత్తానికి కొన్ని మిల్లీసెకన్లే.

సులువైన దారి: ట్రాకులను ముందే 96కు స్ట్రెచ్ చేసి పెట్టుకో, 0.4 శాతం మార్పు ఏ చెవికీ తెలియదు. ఇంకో దారి, ల్యాప్‌టాప్ నుంచి క్లాక్ పంపి, కీబోర్డు ఫంక్షన్ మెనూలో ఎక్స్‌టర్నల్ క్లాక్ ఆన్ చేయడం. ఇలా చేస్తే ప్రోగ్రాం అయిపోగానే ఆఫ్ చేయడం మరవొద్దు. ఆన్‌లో ఉండి క్లాక్ రాకపోతే స్టైల్ మొదలే కాదు. తర్వాతి రోజు ల్యాప్‌టాప్ లేకుండా వాయించబోయి, కీబోర్డు చెడిపోయిందని సర్వీసుకు పట్టుకెళ్లినవాళ్లున్నారు.

స్టేజీ మీద నా ఓటు మాత్రం స్ట్రెచ్‌కే. జనం ముందు కదలాడే కేబుల్ ఎంత తక్కువైతే అంత మంచిది.

హనుమకొండ_ట్రాక్స్:

సుబేదారి అన్నా, ఫలితాలు. హబ్ తీసి, పవర్ సెట్టింగులు మార్చి, వైఫై ఆపాక వోల్కా 4 నుంచి 9 మధ్యకు వచ్చింది. పల్స్ పెట్టాక అన్ని దెబ్బలూ ఒకే చోట పడుతున్నాయి, వేళ్లతో లెక్కపెట్టే తేడా కూడా లేదు. కీబోర్డుకు మైనస్ 13 పెట్టాను, బేస్, డప్పు కలిసి ఒక్క దెబ్బలా వినిపిస్తున్నాయి. ప్యాడ్ అన్న 128 మీద వాయించి ఇంకోసారి వాయిస్తా అన్నాడు. శాంపిళ్లలో రెండింటికి మొదట్లో ఖాళీ ఉంది, కోసేశాను.

ఒకటే మిగిలింది. ఇప్పుడు వచ్చిన పాట తిశ్రంలో ఉంది, ఆరు ఎనిమిదులు. వోల్కా ప్యాటర్న్ ప్రతి బార్‌కూ జరిగిపోతోంది. పల్స్ మార్చాలా?

సుబేదారి_మిక్స్:

పల్స్ మార్చకు. ఒక పల్స్ అంటే ఒక ఎనిమిదో నోట్, ఆరు ఎనిమిదుల బార్‌లో ఆరు పల్స్‌లు, లెక్క సరిపోయింది. తేడా వోల్కా అడుగుల్లో (స్టెప్‌లలో) ఉంది. అది పల్స్‌కు రెండు అడుగులు వేస్తుంది, కాబట్టి నీ బార్‌కు 12 అడుగులు కావాలి, అది 16 నడుస్తోంది. యాక్టివ్ స్టెప్‌లో చివరి నాలుగూ ఆఫ్ చేయి. గట్టి దెబ్బలు 1, 7 అడుగుల మీద పెట్టు, తిశ్రం నడక వచ్చేస్తుంది.

వోల్కాను ఆడియోగా రికార్డు చేసుకున్నాక పల్స్ ట్రాక్ మ్యూట్ చేసి, అవుట్‌పుట్ బస్సులను మళ్లీ స్టీరియోకు మార్చి అప్పుడు మిక్స్ మొదలుపెట్టు. ఎక్స్‌పోర్ట్ చేసే ముందు ఎడమ ఛానెల్ ఒక్కటే సోలో చేసి ఒకసారి విను. క్లిక్ గానీ మిగిలిపోతే అప్‌లోడ్ అయ్యాక ఏమీ చేయలేం.